గుండె చెరువైన చోట

మన భాషలో దుఃఖానికి ఒక మాట ఉంది: గుండె చెరువవడం. కథల్లో ఆ మాట ఎదురైనప్పుడల్లా అదొక అలంకారమనే అనుకునేదాన్ని. మా చిన్నమ్మ తన చివరి సంవత్సరాల్లో రాత్రిళ్లు పడుకోలేక, గోడకి రెండు మెత్తలు ఆనించుకుని కూర్చుని ఉండేది. "పండుకుంటే నీళ్లల్ల మునిగినట్టయితది బిడ్డా" అనేది. గుండె కండరం బలహీనపడి రక్తాన్ని ముందుకు నెట్టలేకపోతే ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుందని, వెల్లకిలా పడుకుంటే ఆ నీరు ఊపిరాడనివ్వదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. చిన్నమ్మ అలంకారం వాడలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆమెది పటాన్‌చెరు దగ్గర నక్కవాగు ఒడ్డున ఒక ఊరు. పేరులోనే చెరువున్న ప్రాంతం అది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకి చెరువు అంటే దుఃఖానికి ఉపమానం కాదు. రంగు మారిన నీళ్లు, తేలిన చేపలు, ముక్కు పగిలే వాసన. ఈ రెండు చెరువుల గురించీ, అంటే చిన్నమ్మ గుండెలోని నీటి గురించీ ఊరి వాగులోని నీటి గురించీ, కలిపి రాయడం సాధ్యమా అని చాలాకాలం సందేహించాను. నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. వైద్యం నా విషయం కాదు. కానీ స్త్రీల కథల్లో జబ్బు ఎలా కనిపిస్తుందో వెతుకుతున్న రోజుల్లోనే, జబ్బుల గురించిన కథనాల్లో స్త్రీలు ఎలా కనిపించకుండా పోతారో కూడా చదవాల్సి వచ్చింది. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

గుండె నీరుకి మందు కనిపెట్టిన కథ ఒక ముసలావిడతో మొదలవుతుంది. ఇంగ్లండులో విలియం విథరింగ్ అనే వైద్యుడు 1785లో ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క మీద ఒక పుస్తకం ప్రచురించాడు. ఒళ్లంతా నీరు పట్టే జబ్బుకి ఇంట్లో వాడే ఒక మందు గురించి 1775లో తన అభిప్రాయం అడిగారనీ, ష్రాప్‌షైర్‌లో ఒక ముసలావిడ దాన్ని చాలాకాలంగా రహస్యంగా దాచుకుందనీ, పెద్ద వైద్యులు చేతులెత్తేసిన రోగుల్ని కూడా ఆమె కొన్నిసార్లు బాగుచేసిందనీ అందులో ఆయనే రాసుకున్నాడు. ఆమె మందులో ఇరవై రకాల ఆకులుంటే, పనిచేసేది ఏదో ఆయన గుర్తుపట్టాడు. ఆ ఆకులోంచి వచ్చిన డిజిటాలిస్, తర్వాత డిగాక్సిన్, రెండువందల ఏళ్లపాటు గుండె జబ్బుకి పెద్ద దిక్కయింది. విథరింగ్ తన 163 మంది రోగుల వివరాలు రాశాడు. ఆ ముసలావిడ పేరు రాయలేదు. 1928లో ఒక అమెరికన్ మందుల కంపెనీ ప్రకటన కోసం బొమ్మ వేయించినప్పుడు ఆమెకి 'మదర్ హట్టన్' అని ఒక పేరు కల్పించి పెట్టారు. అదే తర్వాత చరిత్రగా చెలామణీ అయింది. జ్ఞానం ఆమెది, పుస్తకం ఆయనది, పేరు ప్రకటనది.

1986లో అమెరికాలో గుండె బలహీనతకి రక్తనాళాల్ని సడలించే మందులు ఆయుష్షుని పెంచుతాయా అని తేల్చిన మొదటి పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన ఆ ప్రయోగంలో 642 మంది రోగులున్నారు. 642 మందీ మగవాళ్లే. అప్పట్లో ఇది ఎవరికీ వింతగా తోచలేదు. థాలిడోమైడ్ విషాదం తర్వాత, గర్భం దాల్చే వయసున్న స్త్రీలని మందుల తొలిదశ ప్రయోగాల నుంచి దూరంగా ఉంచాలని అమెరికా ప్రభుత్వ సంస్థ 1977లో మార్గదర్శకాలిచ్చింది. రక్షణ పేరుతో వచ్చిన ఈ మినహాయింపు 1993 దాకా కొనసాగింది. రక్షణ పేరుతో బయటికి పంపకపోవడం మనకి కొత్తగా వివరించాల్సిన విషయమేమీ కాదు.

1991లో బెర్నడీన్ హీలీ అనే హృద్రోగ నిపుణురాలు దీనికి ఒక సాహిత్య పాత్ర పేరు పెట్టింది. ఐజాక్ సింగర్ కథలో యెంటల్ అనే యూదు అమ్మాయి మత గ్రంథాలు చదువుకోవడం కోసం మగవేషం వేసుకుంటుంది. ఆస్పత్రిలో కూడా ఆడమనిషి తన గుండె మగవాడి గుండెలాగే జబ్బుపడిందని రుజువు చేసుకుంటే తప్ప మగవాడితో సమానమైన వైద్యం అందదని, దీన్ని 'యెంటల్ సిండ్రోమ్' అనాలని ఆమె రాసింది. ఆ ఏడాదే ఆమె అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకి తొలి మహిళా డైరెక్టరయింది. సరిగ్గా అదే సంవత్సరం హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చింది. అక్కడ ఒక నిపుణురాలు వైద్యపత్రికలో అడిగిన ప్రశ్నని ఇక్కడ కొందరు స్త్రీలు తెలుగులో, తమ శరీరాల వైపు నుంచి అడిగారు.

ఆ ప్రశ్నకి ఎంత బరువుందో తర్వాత తెలిసింది. డిగాక్సిన్ మీద 6,800 మందితో జరిగిన పెద్ద ప్రయోగం 1997లో వెలువడింది. మందు మరణాల్ని తగ్గించదు, పెంచదు, ఆసుపత్రిలో చేరికల్ని తగ్గిస్తుంది అని తేలింది. ఐదేళ్ల తర్వాత, 2002లో, అవే వివరాల్ని ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడివిడిగా లెక్కగడితే, ఆ మందు వాడిన స్త్రీలలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ముసలావిడ నుంచి వచ్చిన మందు ఆడవాళ్లకి ఎలా పనిచేస్తుందో విడిగా చూడటానికి 1785 నుంచి 2002 దాకా పట్టింది. 2019లో వెలువడిన ఇంకో అధ్యయనం, ఇప్పుడు వాడే ముఖ్యమైన గుండె మందులు స్త్రీలకి, మగవాళ్లకి నిర్ణయించిన మోతాదులో సగంతోనే పూర్తి ప్రయోజనం ఇస్తుండవచ్చని సూచించింది. 'మనిషి మోతాదు' అని ఇన్నాళ్లూ రాసుకున్నది మగవాడి మోతాదు.

ఇక్కడ మా చిన్నమ్మ కథలోకి రావాలి.

1994లో ఆమెకి మొదటి కాన్పు. ఆడపిల్ల. కాన్పయిన నాలుగైదు వారాలకి కాళ్లు ఉబ్బాయి, నాలుగడుగులు వేస్తే దమ్ము వచ్చేది. "బాలింతకు దమ్ము రాదా, మేమందరం కన్నోళ్లమే" అన్నారు అత్తగారింట్లో. మంచం కింద కుంపటి పెట్టారు, నీళ్లు తగ్గించారు, కారం పెట్టారు, చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కట్టారు. ఊరి ఆరెంపీ బలానికి సూదులిచ్చాడు. కొన్నాళ్లకి కాస్త తేరుకుంది. ఆ తేరుకోవడమే ఆమెకి శాపమయింది, ఎందుకంటే ఏమీ కాలేదని అందరూ నిశ్చయించుకున్నారు. కొడుకు కావాలన్నారు. 1997లో రెండో కాన్పు. మళ్లీ ఆడపిల్లే. ఈసారి దమ్ము తగ్గలేదు. పట్నంలో ఒక ఆసుపత్రిలో గుండెకి స్కానింగ్ తీసి గుండె పెద్దదైందని, కండరం సత్తువ పోయిందని చెప్పారు. చెప్పింది కూడా ఆమెకి కాదు. "మీ ఇంటాయన రాలేదా?" అని అడిగి, బయట నిలబడ్డ మా చిన్నాయన్ని పిలిచి చెప్పారు.

ఆ జబ్బుకి పేరుంది. పెరీపార్టమ్ కార్డియోమయోపతి. కాన్పుకి ముందు చివరి నెలలో గానీ కాన్పయిన ఐదు నెలల్లో గానీ, వేరే కారణమేదీ లేకుండా గుండె కండరం బలహీనపడటం అని 1971లో షికాగోలో 27 మంది స్త్రీలని పరిశీలించిన వైద్యులు నిర్వచించారు. వాళ్లలో ఒకరు, షాబుద్దీన్ రహీమ్‌తూలా, బొంబాయిలో పుట్టినవాడు. ఆ గడువు అంత ఖచ్చితంగా ఉండనవసరం లేదని 2010లో యూరప్ వైద్యులు నిర్వచనాన్ని సవరించారు. దక్షిణ భారతదేశంలో ఒక పెద్దాసుపత్రి 2009లో ప్రచురించిన లెక్క ప్రకారం 1,374 సజీవ జననాలకి ఒకరికి ఈ జబ్బు వచ్చింది. చాలామందిలో నెలల్లోనే గుండె తిరిగి బలం పుంజుకుంటుంది. పుంజుకోనివాళ్లకి మళ్లీ గర్భం ప్రాణాంతకం. పుంజుకున్నవాళ్లకి కూడా ప్రమాదమే. ఆ మాట 1994లో ఎవరైనా చిన్నమ్మకి చెప్పి ఉంటే? చెప్పినా, వద్దు అనే అధికారం ఆమెకి ఉండేదా? వైద్యంలో 'ఫలితం' అనే మాటని నేను ఈ రెండో ప్రశ్న లేకుండా చదవలేను.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఈ జబ్బు ఉత్తర నైజీరియాలోని హౌసా స్త్రీలలో ఎక్కడా లేనంత ఎక్కువ. అక్కడ బాలింతలు వేడిచేసిన మట్టి అరుగుల మీద పడుకోవడం, చెరువు ఉప్పు కలిపిన గంజి తాగడం ఆచారం. గుండె జబ్బుకి అవే కారణమని 1970లలో వైద్యులు రాశారు. చదవగానే నాకు మా కుంపటి గుర్తొచ్చి, మా అమ్మమ్మ మీద కోపం వచ్చింది. కానీ ఈమధ్య నైజీరియాలోనే జరిగిన పరిశోధనలు ఆ ఆచారాలకి జబ్బుతో సంబంధాన్ని నిర్ధారించలేకపోయాయి. పోషకాహార లోపం వైపు, ముఖ్యంగా సెలీనియం లోపం వైపు చూపించాయి. అంటే దశాబ్దాలపాటు నేరం ఆడవాళ్ల ఆచారాల మీద మోపారు. తిండి లేకపోవడం మీద మోపలేదు. మనకి ఆడపిల్లని 'గుండెల మీద కుంపటి' అనే నానుడి ఉంది. చిన్నమ్మ విషయంలో మంచం కింది కుంపటి కన్నా ఆ నానుడిలో కుంపటే ఎక్కువ హాని చేసిందని ఇప్పుడు అనుకుంటాను. ఇద్దరు ఆడపిల్లల మధ్య ఆ మూడేళ్లలో ఆమెని రెండో గర్భానికి తోసింది అదే.

చిన్నమ్మ మందుల చీటీలో మొదట డిగాక్సిన్, నీరు తీసే మాత్ర ఉండేవి. కొన్నేళ్లకి మెటోప్రొలోల్ చేరింది. ఆ మాత్ర చరిత్ర విచిత్రమైనది. గుండె వేగాన్ని తగ్గించే ఈ తరహా మందులు బలహీనమైన గుండెకి విషమని వైద్యులంతా నమ్మిన కాలంలో, 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో ఫిన్ వాగ్‌స్టైన్, ఆయన సహచరులు ఏడుగురు రోగులకి ఇచ్చి చూశారు. వాళ్లు బాగుపడ్డారు. ఎవరూ నమ్మలేదు. మెటోప్రొలోల్ తయారైంది కూడా ఆ నగరం పక్కనే. 1999లో అమెరికాలోనూ యూరప్‌లోని 13 దేశాల్లోనూ 3,991 మందితో జరిగిన ప్రయోగం ఈ మందు మరణాల్ని 34 శాతం తగ్గిస్తుందని నిరూపించింది. ఆ ప్రయోగానికీ గోథెన్‌బర్గే కేంద్రం. అందులో స్త్రీలు 898 మంది, అంటే నాలుగోవంతు కన్నా తక్కువ. ఆ 898 మందిలో మరణాలు తగ్గాయని విడిగా నిరూపించలేకపోయారు. ఇంకో రెండు ప్రయోగాల్లోని స్త్రీలని కూడా కలిపి లెక్కగట్టాకే, 2002లో, ఆడవాళ్లకీ మేలు జరుగుతుందని తేలింది.

గోథెన్‌బర్గ్‌లో పుట్టిన మాత్ర పటాన్‌చెరులో ఎందుకు తయారవుతోంది? దీని వెనక మన పారిశ్రామిక చరిత్ర ఉంది. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సోవియట్ సహాయంతో హైదరాబాదులో మందుల కర్మాగారం పెట్టింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కునిచ్చింది. కొత్త పద్ధతిలో అదే మందుని చవగ్గా చేయడం నేరం కాకుండా పోయింది. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన శాస్త్రవేత్తలు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం వైపు భూములు చవక. 1980లో మెదక్ నుంచి ఇందిరాగాంధీ పార్లమెంటుకి ఎన్నికయ్యారు. వెనకబడ్డ జిల్లాకి పరిశ్రమలు వచ్చాయన్నది అప్పటి గర్వం. 1984లో మొదలైన డాక్టర్ రెడ్డీస్ తొలి మందుల్లో ఒకటి మిథైల్‌డోపా, గర్భిణులకి రక్తపోటు వస్తే ప్రపంచమంతా వాడే మాత్ర. దీన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. మన దగ్గర చవకమందులు తయారుకాకపోతే చిన్నమ్మ రెండో కాన్పు తర్వాత పన్నెండేళ్లు బతికేది కాదు.

అయినా ఆమె ప్రశ్న నన్ను వదల్లేదు. ఒకసారి నేను మందుల దుకాణం నుంచి మాత్రలు తెచ్చిస్తే, ఆ అట్ట తిప్పి చూసి, "గీ గోలీలు మన కాడనే జేస్తరంట గద బిడ్డా, మరి మనకే గింత పిరమెట్ల?" అంది. మా చిన్నాయన అప్పటికే బల్క్‌డ్రగ్ కంపెనీలో కాంట్రాక్టు కూలీ.

ఆ ప్రశ్నకి సగం జవాబు స్వీడన్ నుంచే వచ్చింది. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించింది. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని వాళ్లు పరీక్షించారు. శుద్ధిచేయక ముందు నీరు కాదు, చేశాక వాగులోకి వదిలే నీరు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఒక్కరోజు వదిలిన సిప్రోఫ్లాక్సాసిన్ సుమారు 45 కిలోలు, స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడేంత. ప్రపంచ పత్రికలన్నీ ఈ అంకెని రాశాయి. సూక్ష్మజీవులు మందులకి లొంగకుండా తయారవుతాయన్న భయం అందరిదీ కాబట్టి.

నేను మాత్రం ఆ పట్టికలో రెండో వరుస దగ్గరా నాలుగో వరుస దగ్గరా ఆగిపోయాను. లోసార్టాన్, లీటరుకి 2.4 నుంచి 2.5 మిల్లీగ్రాములు. మెటోప్రొలోల్, 0.8 నుంచి 0.95 మిల్లీగ్రాములు. రెండూ గుండె మందులే. ఆ కేంద్రం రోజుకి వదిలేది సుమారు 15 లక్షల లీటర్లు. కాగితం మీద గుణించి చూశాను. లోసార్టాన్ రోజుకి 3.6 కిలోలు, అంటే 50 మిల్లీగ్రాముల మాత్రలు 72 వేలు. మెటోప్రొలోల్ రోజుకి 1.2 కిలోలు. 1999 నాటి ప్రయోగంలో రోగికి రోజుకి ఇవ్వాలనుకున్న గరిష్ఠ మోతాదు 200 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఇస్కవాగులో ఒక్కరోజు పారింది 6 వేల మందికి సరిపోతుంది. ఆ ప్రయోగంలో మొత్తం మనుషులు 3,991 మందే. చిన్నమ్మ నెలాఖరున మాత్రని సగానికి విరిచి వేసుకునేది.

రెండేళ్ల తర్వాత, 2009లో, అదే పరిశోధకులతో కూడిన బృందం చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు ఉన్నాయని చూపించింది. నీటిలో గుండె మందు ఉన్నంత మాత్రాన ఆ ఊళ్లవాళ్ల గుండె జబ్బులు దానివల్లే వచ్చాయని చెప్పడం సరికాదు. చిన్నమ్మ జబ్బుకి ఆ నీరే కారణమనీ నేననడం లేదు. నేననేది ఇంకొకటి. స్వీడన్ వాళ్లు నీటిని కొలిచారు. అమెరికా, యూరప్ వాళ్లు తమ రోగుల్ని కొలిచారు. ఈ రెండు కొలతల మధ్య ఒక మనిషి ఉంది. ఆ మాత్ర తయారైన ఊళ్లో ఉండి, ఆ నీటి ఒడ్డున బతికి, ఆ మాత్రనే సగం మింగిన మనిషి. ఆమెని ఎవరూ కొలవలేదు.

కొలవాలని ఊళ్లోవాళ్లు అడక్కపోలేదు. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు 1980ల నుంచే తన దగ్గరికొచ్చే రోగుల జబ్బులకీ వాగు నీటికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడుతూ, రైతుల్ని కూడగట్టి పోరాడారు. 1990లో ఈ కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2001లో హైకోర్టుకి, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి చేరింది. 2017లో ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. చిన్నమ్మ మొదటి కాన్పుకి ముందు మొదలైన కేసు, ఆమె పోయిన ఎనిమిదేళ్లకి తేలింది. ఈ మధ్యలో కోర్టు ఆదేశాలతో రైతులకి నష్టపరిహారం లెక్కగట్టారు. లెక్క ఎకరాల్లో జరిగింది. పట్టా ఎవరి పేరుతో ఉంటే పరిహారం వాళ్లది. ఆ పొలంలో మోకాళ్లలోతు నీళ్లలో నాట్లు వేసిన ఆడవాళ్లకి పట్టా లేదు కాబట్టి వాళ్లకి నష్టం కూడా లేదు. 2004లో గ్రీన్‌పీస్ ఆ ఊళ్లలో ఇంటింటి ఆరోగ్య సర్వే నివేదిక తెచ్చి, గుండె, రక్తనాళాల జబ్బులతో సహా చాలా జబ్బులు కాలుష్యం లేని ఊళ్లకన్నా ఇక్కడ ఎక్కువని చెప్పింది. భూమి పోయినదాన్ని కొలిచినంత శ్రద్ధగా ఒళ్లు పోయినదాన్ని కొలవాలన్న ప్రయత్నం అది.

ఇప్పుడు మన దేశంలోనూ గుండె బలహీనతకి లెక్కలున్నాయి. 2013లో తిరువనంతపురంలో 1,205 మంది రోగుల్ని నమోదు చేసి ఐదేళ్లు వెంటాడారు. ఐదేళ్లలో 59 శాతం మంది చనిపోయారు. ఆ తర్వాత దేశవ్యాప్తంగా 53 ఆసుపత్రుల్లో 10,851 మందిని నమోదు చేశారు. మూడు నెలల్లోపే 14 శాతం మంది చనిపోయారు. రోగుల సగటు వయసు అరవై ఏళ్ల లోపే. పాశ్చాత్య దేశాల్లో డెబ్బై దాటాక వచ్చే జబ్బు మన దగ్గర పదేళ్లు ముందే వస్తోంది. ఇవి విలువైన పనులు, వీటిని చేసినవాళ్ల పట్ల నాకు గౌరవం ఉంది. ఈ రెండు లెక్కల్లోనూ ఒక అంకె మాత్రం మారలేదు. స్త్రీలు 31 శాతం. తిరువనంతపురంలో 31, దేశమంతా 31.

ఈ అంకెని రెండు రకాలుగా చదవచ్చు. ఆడవాళ్లకి ఈ జబ్బు తక్కువ వస్తుందని ఒకటి. ఆసుపత్రి దాకా వచ్చినవాళ్లలో ఆడవాళ్లు తక్కువని ఇంకొకటి. పట్టిక చెప్పేది రెండోదే. వచ్చినవాళ్లనే కదా నమోదు చేసేది. 1994లో మంచం కింద కుంపటితో పడుకున్న మనిషి ఏ రిజిస్టర్లోకీ ఎక్కదు. సాహిత్యంలో మేం నేర్చుకున్న చదువు ఇదే. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాట చరిత్రల్లో లేని స్త్రీల గొంతులు ఎక్కడున్నాయో వెతికి వినిపించింది. వైద్య పట్టికల్లోనూ ఖాళీలున్నాయి. ఖాళీని ఖాళీగా చదవడం కూడా ఒక పద్ధతి.

అయితే ప్రయోగాల్లోకి మమ్మల్ని చేర్చండి అని ఊరికే అడగడంతో సరిపోదు. మన రాష్ట్రానికి ఆ చేదు అనుభవం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి టీకాలు వేశారు. హాస్టళ్లలో ఉన్న గిరిజన బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. అంటే మనం ప్రయోగంలో లేకుండా అయినా పోతాం, లేదా మన సంతకం లేకుండా అయినా ఉంటాం. కావలసింది ఈ రెండూ కాదు. తన గుండె గురించి తనకి చెప్పడం, తన జవాబు తనని అడగడం, తన లెక్క తనకి చూపించడం.

2009 వానాకాలంలో చిన్నమ్మ పోయింది. ఆ ఏడే పటాన్‌చెరు శుద్ధికేంద్రం నీటిని వాగులోకి కాకుండా గొట్టం ద్వారా అంబర్‌పేట వైపు మళ్లించడం మొదలైంది. ఇంకా పరిశ్రమలు పెరిగాయి. 2016లో సంగారెడ్డి వేరే జిల్లా అయింది. 2022లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారం పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అక్కడ తయారయ్యేది మాత్రల్లో మందుకి ఆకారం ఇవ్వడానికి కలిపే పొడి. వార్త చూస్తున్నప్పుడు చిన్నమ్మ సగానికి విరిచిన మాత్ర, ఆమె చేతివేళ్లకి అంటిన తెల్లటి పొడి గుర్తొచ్చాయి.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. 1994లో పుట్టిన చిన్నమ్మ పెద్దకూతురికి ఇప్పుడు మొదటి గర్భం. కాన్పు గుండెజబ్బు వచ్చిన 172 మంది స్త్రీల జన్యువుల్ని పరీక్షించి 2016లో వెలువరించిన అధ్యయనంలో, దాదాపు 15 శాతం మందిలో, కుటుంబాల్లో సాగే గుండె కండర జబ్బుల్లో కనిపించే మార్పులే కనిపించాయి. అందుకని మొదటి పరీక్షలోనే డాక్టరమ్మ అడిగిందట, మీ అమ్మకి ఏమైందని. చెల్లెలు దగ్గర జవాబు లేదు. తల్లి కేస్‌షీట్ ఇంట్లో లేదు. "అక్కా, నీకు రాయొస్తది గదా, అమ్మది నువ్వే రాసియ్యి" అని ఫోన్ చేసింది.

ఒక తెల్లకాగితం తీసుకుని రాశాను. మొదటి కాన్పు 1994. నాలుగైదు వారాలకి కాళ్లవాపు, దమ్ము. వైద్యం లేదు. రెండో కాన్పు 1997. గుండె పెద్దదైందని స్కానింగ్‌లో తేలింది. వాడిన మందులు ఇవి. పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునేది. 2009లో మరణం. సంతకం దగ్గర ఆగి, రోగి పేరు రాసే చోట ఫలానావారి భార్య అని కాకుండా, చిన్నమ్మ పేరు ఒక్కటే రాశాను.